ప్రజల దూరదర్శనము - వర్తకుల దూరదర్శనము

ప్రొద్దు గ్రుంకి, పొలము నుండి వచ్చినవారు కాళ్లు కడుగుకొను వేళకు నేడు మన గ్రామములలో ఇంచుమించు ప్రతి యింటను టెలివిజను పెట్టె వెలుగుచుండును. ఒక యింట సీరియలు, వేరొక యింట వార్తలు, మరియొక యింట క్రికెటు ఆట. మీట నొక్కినంతనే బొమ్మ కన్పించుచున్నది. కావున ఆ బొమ్మను మనకు పంపుచున్నవారెవరు, ఎందులకు పంపుచున్నారు, దాని వ్యయము నెవరు భరించుచున్నారు అను ప్రశ్న సాధారణముగా మనకు తట్టదు. కాని చెరువు నీటితో సేద్యము చేయువాడు తూము ఎవరి చేతిలో నున్నదో తెలిసికొనక మానడు గదా! ఇంటిలోనికి దినమునకు మూడు నాలుగు గంటలసేపు పారుచున్న ఈ ప్రవాహమునకు తూము ఎవరి చేతిలో నున్నదో తెలిసికొనుట గూడ అంతే అవసరము.

టెలివిజను ప్రసారములు ముఖ్యముగా రెండు విధములు. ప్రజల ధనముతో, ప్రజల ప్రయోజనమునకై, చట్టము విధించిన బాధ్యతలకు లోబడి నడచునది ప్రజా ప్రసారము. ప్రకటనల వలనను, చందాల వలనను లాభము గడించుటకై నడచునది వాణిజ్య ప్రసారము. ఊరికి రచ్చబండయు కావలెను, సంతయు కావలెను. సంతలో సరుకు అమ్ముకొనుట తప్పు కాదు. అయితే చెరువు మరమ్మతును గూర్చియు, బడిని గూర్చియు పదిమంది కూర్చుండి మాట్లాడుకొనుటకు సంత తగిన చోటు కాదు. సంత పెరిగి పెరిగి రచ్చబండను గూడ ఆక్రమించినచో ఊరు ఏమి పోగొట్టుకొనునో, ప్రజా ప్రసారము క్షీణించినచో దేశము అదే పోగొట్టుకొనును.

వాణిజ్య ప్రసారము నడచు తీరు

వాణిజ్య చానలు వారు కథలను, పాటలను, వార్తలను సిద్ధము చేసి మనకు చూపుదురు. ఆ కార్యక్రమముల మధ్య కొంతకాలమును సబ్బులు, నూనెలు, వాహనములు అమ్ము కంపెనీలకు విక్రయింతురు. చూచువారి సంఖ్య హెచ్చినకొలది ఆ కాలమునకు వెల హెచ్చును. నిజము విచారించినచో ఈ బేరములో అమ్ముడగుచున్నది మన చూపు; కొనుచున్నవాడు ప్రకటనకర్త.

చూచువారి సంఖ్యను లెక్కించుటకు మన దేశములో 2015 నుండి బార్క్ అను సంస్థ పనిచేయుచున్నది. ఎంపిక చేసిన కొన్ని పదుల వేల ఇండ్లలో టెలివిజనుకు చిన్న యంత్రమును తగిలించి, ఏ నిమిషమున ఏ చానలును చూచిరో నమోదు చేయుదురు. కోట్లకొలది కుటుంబములు గల దేశమున ఆ కొద్ది ఇండ్ల లెక్కయే వారము వారము చానళ్ల తలవ్రాతను నిర్ణయించును. మంచి కార్యక్రమమైనను లెక్కలో వెనుకబడినచో నిలువదు. పది మంది జీవితములను బాగుచేసిన పాఠము కంటె, పది లక్షల మందిని పది నిమిషములు కూర్చుండబెట్టిన కలహమే ఆ లెక్కలో గొప్పది.

మన దేశపు కేబులు టెలివిజను నియమములను బట్టి ఏ చానలైనను గంటకు 12 నిమిషములకు మించి ప్రకటనలు చూపరాదు. అందులో 10 నిమిషములు వ్యాపార ప్రకటనలకు, 2 నిమిషములు చానలు తన సొంత కార్యక్రమములను చాటుకొనుటకు. అనగా నిబంధనను పూర్తిగా పాటించినప్పటికిని, 5 గంటలు చూచినవాడు 1 గంట ప్రకటనలే చూచినట్లగును.

ఈ ప్రసారము ఉచితమని గాని, చౌక యని గాని భ్రమపడరాదు. ప్రకటనలకై కంపెనీ వెచ్చించిన సొమ్ము సబ్బు వెలలోను, పళ్లపొడి వెలలోను చేరి తిరిగి మన యొద్దనే వసూలగును. టెలివిజను లేనివాడు గూడ సబ్బు కొన్నప్పుడెల్ల దీనికి పన్ను కట్టుచున్నట్లే. ఆపైన కేబులు చందా వేరుగా నున్నది. సొమ్మొకడిది, సోకొకడిది అను సామెత ఇచ్చట చక్కగా అన్వయించును.

ఇందులో వర్తకుని దూషింపవలసిన పని లేదు. వాని ధర్మము వాడు నెరవేర్చుచున్నాడు. కొనుగోలు శక్తి గలవానికి నచ్చునది చూపుట వాని వృత్తి. వేరుసెనగకు తెగులు పట్టినప్పుడు ఏమి చేయవలెనో తెలిసికొనగోరు రైతు కంటె, క్రొత్త మోటారు సైకిలు కొనగోరు పట్టణవాసి ప్రకటనకర్తకు ప్రియమైన ప్రేక్షకుడు. గ్రామము అతని లెక్కలో వెనుక వరుసలో నుండుటకు కారణము ద్వేషము కాదు, గణితము.

ప్రజా ప్రసారమను భావము పుట్టిన విధము

బ్రిటనులో 1922లో రేడియో యంత్రములను తయారుచేయు కంపెనీలు కలిసి ఒక ప్రసార సంస్థను స్థాపించెను. అది 1927లో రాజశాసనము ద్వారా ప్రజా కార్పొరేషనుగా మారినది. అదియే బి.బి.సి. దాని ప్రథమ డైరెక్టరు జనరలు జాన్ రీత్ ప్రసారమునకు మూడు కర్తవ్యములను నిర్దేశించెను: విషయము తెలుపుట, విద్య గరపుట, వినోదము కూర్చుట. వ్యయమునకై టెలివిజను చూచు కుటుంబములు లైసెన్సు రుసుము చెల్లించును. స్వదేశ ప్రసారములలో వ్యాపార ప్రకటనలు ఉండవు. 1955లో అచ్చట ఐ.టి.వి. అను వాణిజ్య టెలివిజను ప్రారంభమైనది. అప్పటి నుండి రెండును ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. రెండవది వచ్చిన పిదప మొదటిది మరింత చురుకైనది. మొదటిది ఉన్నందున రెండవది మరీ దిగజారలేదు.

అమెరికాలో వరుస తలక్రిందులు. అచ్చట వాణిజ్య ప్రసారమే ముందు పెరిగినది. 1961లో ఆ దేశపు సమాచార కమిషను అధ్యక్షుడు న్యూటన్ మినో, ప్రసార సంస్థల యజమానుల సభలోనే నిలిచి, వారి టెలివిజను పెద్ద బీడుభూమివలె నున్నదని నిర్మొగమాటముగా చెప్పెను. 1967లో ప్రజా ప్రసార చట్టము వచ్చెను. 1969లో ప్రారంభమైన ‘సెసమీ స్ట్రీట్’ అను పిల్లల కార్యక్రమము, బడిలో చేరకముందే బీద కుటుంబముల బిడ్డలకు అక్షరములు, అంకెలు పరిచయము చేయవలెనను సంకల్పముతో రూపొందినది. అంతకు పూర్వము పిల్లల కార్యక్రమములు లేకపోలేదు. కాని పిల్లలకు ఏమి నేర్పవలెనను ప్రశ్నతో మొదలిడి, నేర్చిరో లేదో పరీక్షించుకొనుచు నిర్మించిన కార్యక్రమము అరుదు.

మన దేశమున తొలి అడుగులు

మన దేశములో టెలివిజను 1959 సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీలో ప్రయోగాత్మకముగా ఆరంభమైనది. మొదట ప్రసారములు వారమునకు రెండు మారులు మాత్రమే. పెట్టెలు ఇండ్లలో గాక, పదిమంది కూడి చూచు స్థలములలో నుంచబడినవి. 1967 జనవరి 26న ‘కృషి దర్శన్’ ప్రారంభమై, ఢిల్లీ చుట్టునున్న 80 గ్రామముల రైతులకు సేద్యపు విషయములను చూపసాగెను. టెలివిజను అనునది ధనికుని ఇంటి అలంకారము కాక, రైతు చేతి పనిముట్టు కావలెనను తలంపు ఆనాడే యుండెను.

ఈ తలంపునకు రేడియో దారి చూపినది. 1956లో పూనా ఆకాశవాణి కేంద్రము చుట్టుప్రక్కల జిల్లాలలోని 150 గ్రామములలో రేడియో గ్రామ గోష్ఠులను నెలకొల్పి, 20 కార్యక్రమములను ప్రసారము చేసెను. రైతులు కూడి విని, విన్నదానిని చర్చించి, తమ సందేహములను, నిర్ణయములను కేంద్రమునకు వ్రాసి పంపిరి. విని ఊరకుండుట కంటె విని చర్చించుట వలన తెలివిడి మిక్కిలి హెచ్చునని ఆ ప్రయోగము రుజువు చేసినది. 1960లలో తమిళ దేశపు తంజావూరు ప్రాంతమున, రేడియో ద్వారా ప్రచారము పొందిన ఏ.డి.టి.-27 అను వరి వంగడమునకు రైతులు ‘రేడియో వరి’ అని పేరిడుకొనిరి. ప్రజా ప్రసారమునకు ఇంతకంటె గొప్ప బిరుదు వేరొకటి లేదు.

ఆకాశము నుండి పల్లెకు: 1975-76 ప్రయోగము

ప్రజా టెలివిజను ఏమి చేయగలదో లోకమునకు చూపిన మహాప్రయోగము మన దేశముననే, మన తెలుగు పల్లెలలో గూడ జరిగినది. డాక్టరు విక్రం సారాభాయి ఆశయము మేరకు 1969లో మన అణుశక్తి శాఖకును, అమెరికా అంతరిక్ష సంస్థయగు నాసాకును ఒడంబడిక కుదిరెను. ఏ.టి.ఎస్.-6 అను అమెరికా ఉపగ్రహమును ఒక సంవత్సరముపాటు మనకు ఎరువిచ్చుట, కార్యక్రమములను, గ్రామములలోని యంత్రములను మనమే ఏర్పాటు చేసికొనుట దాని సారాంశము. సారాభాయి 1971లోనే కాలధర్మము నొందెను. తన సంకల్పము ఫలించుట ఆయన చూడలేదు.

1975 ఆగస్టు 1న ప్రారంభమై 1976 జూలై 31న ముగిసిన ఈ ఉపగ్రహ బోధన టెలివిజను ప్రయోగమునకు ‘సైట్’ అని పేరు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహారు, మధ్యప్రదేశ్, రాజస్థాన్ అను ఆరు రాష్ట్రములలో సుమారు 2,400 వెనుకబడిన గ్రామములు ఇందులకై ఎన్నుకొనబడినవి. రాష్ట్రమునకు సుమారు 400 గ్రామములు. అంతవరకు ఒక్క సినిమా అయినను చూచియెరుగనివారు ఆ పల్లెలలో అనేకులు.

బడి యొద్దనో, పంచాయతీ కార్యాలయము యొద్దనో ఒక పెట్టె నుంచి, ప్రక్కన 3 మీటర్ల వెడల్పు గల గొడుగు వంటి ఏంటెన్నాను నిలిపిరి. కోళ్ల దొడ్లకు కట్టు తీగెల వలతోనే దానిని తక్కువ వ్యయముతో అల్లిరి. నేల నుండి 36,000 కిలోమీటర్ల ఎత్తున నున్న ఉపగ్రహము అహమ్మదాబాదు నుండి పంపిన బొమ్మను స్వీకరించి నేరుగా ఆ తీగెల వలలోనికి దింపెడిది. పెద్ద నగరములు సైతము అనేకము టెలివిజను ఎరుగని ఆ దినములలో, మారుమూల పల్లె ముందుగా చూచినది. ఏ వర్తకుడును ఈ వరుసను ఎన్నుకొని యుండడు. లాభము చూచుకొన్నచో నగరము ముందు, పల్లె చివర. అవసరము చూచుకొన్నందుననే పల్లె ముందు నిలిచెను.

దినమునకు నాలుగు గంటల ప్రసారము. ఉదయము గంటన్నర బడిపిల్లలకు. సాయంకాలము రెండున్నర గంటలు పెద్దలకు. సేద్యము, ఆరోగ్యము, కుటుంబ నియంత్రణము, పశుపోషణము, ఆటపాటలు అందులోని విషయములు. ఉపగ్రహము ఒక బొమ్మతో పాటు రెండు భాషల మాటలను మోయగలదు. కావున ఒకే బొమ్మను తెలుగువారు తెలుగులోను, కన్నడిగులు కన్నడములోను వినుట సాధ్యమైనది. హైదరాబాదు, కటకము, ఢిల్లీ కేంద్రములలో కార్యక్రమములు తయారైనవి. బడుల సెలవు దినములలో ఈ మార్గముననే సుమారు 50,000 మంది ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ నొసగిరి.

ఈ ప్రయోగపు ఫలితములను పరిశోధకులు గ్రామములలో నివసించి కొలిచిరి. తొలి దినములలో వింత చూడవచ్చిన జనము క్రమముగా తగ్గి, సగటున పెట్టెకు నూరుమంది స్థిరముగా నిలిచిరి. ఆరోగ్య విషయములలో తెలివిడి హెచ్చినది. అందును చదువురాని స్త్రీలలో ఎక్కువగా హెచ్చినది. సేద్యపు విషయములలో మాత్రము ఫలితము అంత స్పష్టము కాలేదు. దీనిలో ఆశ్చర్యము లేదు. ఒక జిల్లాలోనే నేలలు పది విధములు. ఒక రాష్ట్రమంతటికి ఒక్క పాఠము చాలదు. దూరము నుండి వచ్చు ప్రసారము ఎంత గొప్పదైనను, దగ్గరి అవసరమును తెలిసికొనని యెడల సగము పనియే చేయునని ఇందు వలన తెలియుచున్నది.

ఆ లోపమును దిద్దు మార్గము గుజరాతులోని ఖేడా జిల్లాలో కనబడినది. 1975లోనే పీజ్ అను గ్రామమున ఒక చిన్న ప్రసార యంత్రమును నెలకొల్పి, ఆ జిల్లా మాండలికములో, ఆ జిల్లా కూలీల, పాడిరైతుల సమస్యలనే కథలుగా మలచి చూపిరి. గ్రామస్థులే పాత్రలు ధరించిరి. వ్యాపార ప్రకటనలు లేవు. ఈ పథకమునకు యునెస్కో వారి బహుమానము లభించినది.

ప్రకటనల రాక

ఒప్పందము ప్రకారము 1976లో అమెరికా ఉపగ్రహము వెడలిపోయెను. ఆ పల్లెలలో కొన్నిటికైనను ప్రసారము నిలుచుటకై నేలపై కేంద్రములు ఏర్పడినవి. హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము 1977 అక్టోబరులో ప్రారంభమైనది. 1976 జనవరి 1 నుండి దూరదర్శన్ వ్యాపార ప్రకటనలను స్వీకరింప మొదలిడెను. అదే సంవత్సరము ఏప్రిలు 1న ఆకాశవాణి నుండి వేరుపడినది. 1982లో ఆసియా క్రీడల సందర్భమున రంగుల ప్రసారము వచ్చెను.

1984లో ప్రారంభమైన ‘హమ్ లోగ్’ అను ధారావాహికమును ఇచ్చట గమనింపవలెను. కుటుంబ నియంత్రణము, స్త్రీల గౌరవము మొదలగు విషయములను కథ ద్వారా బోధించుటకై దానిని రూపొందించిరి. దాని వ్యయమును ఒక ఆహార పదార్థముల కంపెనీ భరించెను. ఉపదేశము హెచ్చినదని ప్రేక్షకులు విసుగు చెందగా, కొన్ని భాగముల పిదప కుటుంబ నియంత్రణపు బోధ పలుచనై, కుటుంబ కథ బలపడినది. ధారావాహికము మహాప్రజాదరణ పొందెను. కంపెనీ సరుకు బాగుగా అమ్ముడయ్యెను. రుచిలేని ఉపదేశమును ఎవరును చూడరనునది ఒక పాఠము. వ్యయమిచ్చువాని చేయి పెద్దదైనకొలది ఉపదేశము చిన్నదగుననునది రెండవ పాఠము. ప్రజా ప్రసారము ఈ రెండింటిని జ్ఞప్తియందుంచుకొనవలెను.

1991 తరువాత విదేశ, స్వదేశ ప్రైవేటు చానళ్లు ఉపగ్రహముల ద్వారా వచ్చినవి. తెలుగులో 1995 నుండి జెమిని, ఈటీవీ మొదలగునవి ప్రసారములను సాగించినవి. వీని వలన మేలు జరుగలేదనుట న్యాయము కాదు. తెలుగు నటులకు, రచయితలకు, విలేఖరులకు ఉపాధి దొరకినది. అధికారుల అలసత్వమును వెలికి తెచ్చు వార్తలు హెచ్చినవి. రైతులకై నిత్యము కార్యక్రమము నడపిన ప్రైవేటు చానలును కలదు. పోటీ లేని దినములలో నిద్రమత్తులో నున్న దూరదర్శన్ మేల్కొనుటకు గూడ ఇవియే కారణము.

సంత చేయజాలని పనులు

అయినను కొన్ని పనులు సంత వలన కావు. ఆర్.టి.సి. బస్సును తలచుకొనుడు. పట్టణముల మధ్య రద్దీ దారిలో ప్రైవేటు బస్సులు ఎన్నియైనను తిరుగును. కొండ చివరి ఊరికి ఉదయము ఒకటి, సాయంత్రము ఒకటి నష్టమునకు వెళ్లునది ఆర్.టి.సి. బస్సే. ఆ బస్సు ఆగిపోయిన దినముననే దాని విలువ ఆ ఊరివారికి తెలియును. ప్రసారములోను ఇట్టి చివరి ఊళ్లు అనేకము గలవు.

2020లో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినప్పుడు, తెలుగు రాష్ట్రములలో దూరదర్శన్ సప్తగిరి, యాదగిరి చానళ్లు పిల్లలకు పాఠములు ప్రసారము చేసినవి. చేతిలో ఖరీదైన ఫోను, నెలనెలకు డేటా గలవారి బిడ్డలకు వేరు మార్గములు దొరకినవి. అవి లేని కూలివాని బిడ్డకు ఇంటనున్న టెలివిజనే బడి అయినది. బడి గదిలోని నల్లబల్లకు అది సమానము కాదు. కాని ఏమియు లేకుండుట కంటె ఎంతయో మేలు. దూరదర్శన్ ముందుగానే నిలిచి యుండుట చేతనే ఆపత్కాలమున అక్కరకు వచ్చెను. ఇల్లు అంటుకొన్న పిదప బావి త్రవ్వలేము గదా.

తుపాను కాలమున ప్రైవేటు చానళ్లును తీరమునకు పరుగెత్తును, నిజమే. గాలివాన వెలిసినంతనే వారి దృష్టి వేరొక సంచలనముపైకి మరలును. ఏ హడావిడియు లేని దినమున గూడ మత్స్యకారునికి సముద్రపు స్థితిని, రైతునకు రానున్న వర్షమును మామూలు మాటలలో చెప్పుట ప్రజా ప్రసారపు నిత్యవిధి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో వేలకొలది ప్రాణములను పోగొట్టుకొన్న తీరమునకు, నమ్మదగిన హెచ్చరిక సకాలమున గుడిసె గుడిసెకు చేరుట ఎంత విలువైనదో వేరుగా చెప్పనక్కర లేదు.

క్రీడల విషయమున 2007లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. జాతీయ ప్రాముఖ్యము గల ఆటల ప్రసార హక్కులను ప్రైవేటు చానలు కొన్నప్పటికిని, ఆ ప్రసారమును దూరదర్శనుతో పంచుకొనవలెను. చందా కట్టలేని యింట గూడ దేశము ఆడు ఆట కనబడవలెననునది దీని ఉద్దేశము. అట్లు పంచుకొన్న ఆటను దూరదర్శన్ తన సొంత మార్గములలోనే చూపవలెనని, ప్రైవేటు కేబులు ద్వారా చూపరాదని సుప్రీంకోర్టు 2017లో తీర్పు చెప్పెను.

ఆ సొంత మార్గములలో నేడు ముఖ్యమైనది డి.డి. ఫ్రీ డిష్. ఇది 2004లో వేరొక పేరుతో ప్రారంభమైనది. ఒకసారి గొడుగును, పెట్టెను కొని అమర్చుకొన్నచో నెలసరి చందా లేదు. ఇంటి కప్పుపై కడ్డీల ఏంటెన్నాతో చూచు పాత పద్ధతి 2022 నాటికి దాదాపు అంతరించినందున దీని అవసరము మరింత హెచ్చినది. దేశములో నాలుగు కోట్లకు పైగా ఇండ్లు దీనిని వాడుచున్నవని అంచనా. మారుమూల, గిరిజన, సరిహద్దు ప్రాంతములలో 8 లక్షలకు పైగా పెట్టెలను ఉచితముగా పంచు యోచన 2023లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన ప్రసార పథకములో కలదు. 2015 మే 26న రైతులకై డి.డి. కిసాన్ అను ప్రత్యేక చానలు వెలసినది.

ప్రజా ప్రసారపు లోపములు

ఇంతవరకు చెప్పినది చదివి, ప్రజా ప్రసారము దోషరహితమని తలంపరాదు. వర్తకునికి లాభముపై ఆశ యుండునట్లే, ప్రభుత్వమునకు పొగడ్తపై ఆశ యుండును. పైన చెప్పిన ‘సైట్’ ప్రయోగము జరిగిన సంవత్సరమంతయు దేశమున అత్యవసర పరిస్థితి అమలులో నుండెను. బిడ్డకు విరేచనములైనప్పుడు తల్లి ఏమి చేయవలెనో చెప్పిన ఆ పెట్టెయే, ప్రభుత్వమునకు ఎదురు చెప్పు వాని మాటను వినిపింపజాలకపోయెను. ఆరోగ్య పాఠమును నమ్మిన పల్లె వార్తను గూడ అట్లే నమ్మును. కావుననే నమ్మకము విషయమున ప్రజా ప్రసారమునకు బాధ్యత హెచ్చు.

ఈ దోషమును నివారించుటకు బి.జి. వర్గీస్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము 1978లో స్వయంప్రతిపత్తి గల సంస్థను సూచించెను. 1990లో ప్రసార భారతి చట్టము వచ్చెను. 1997లో అమలు అయ్యెను. సత్యమును నిష్పాక్షికముగా తెలిసికొను పౌరుల హక్కును కాపాడుట, విద్య, అక్షరాస్యత, సేద్యము, గ్రామాభివృద్ధి, ఆరోగ్యము మొదలగు విషయములపై ప్రత్యేక శ్రద్ధ వహించుట, గిరిజనుల అవసరములకు తగిన కార్యక్రమములు చేయుట ఈ చట్టము ఆ సంస్థకు విధించిన కర్తవ్యములు. ఇట్టి కర్తవ్యములను మొత్తముగా తలపై మోయు వాణిజ్య చానలు లేదు.

1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు గూడ మనము తెలిసికొనదగినది. ఆకాశ తరంగములు ప్రజల ఆస్తి యని న్యాయస్థానము నిర్ణయించెను. ఆ ధర్మాసనమున నున్న తెలుగువాడు జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి తన తీర్పులో, ప్రసార సాధనములు ప్రభుత్వ గుత్తాధిపత్యమున నుండుటయు, ధనికుల గుత్తాధిపత్యమున నుండుటయు రెండును ప్రజల వాక్స్వాతంత్ర్యమునకు హానికరములే యని హెచ్చరించెను. ఊరి చెరువు కరణము సొత్తు కాదు, షావుకారు సొత్తు కాదు, ఊరిదే. ఆకాశమును అటులనే.

చట్టమున స్వయంప్రతిపత్తి కలదు. కాని వ్యయమునకు సంస్థ చాలవరకు ప్రభుత్వ నిధులపై ఆధారపడుచున్నది. తక్కినది ప్రకటనల నుండియు, ఫ్రీ డిష్‌లో ప్రైవేటు చానళ్లకు స్థలము వేలము వేయుట నుండియు వచ్చును. ఒక చేయి ప్రభుత్వమునకు, వేరొక చేయి సంతకు చాచి నిలువవలసి వచ్చినవానికి నిటారుగా నడచుట కష్టము. బ్రిటనులో వలె కుటుంబము నేరుగా రుసుము కట్టు పద్ధతి మన దేశమున ఒకప్పుడు ఉండి, 1980లలో రద్దయినది. నిధులు స్థిరముగా నుండి, వార్త స్వతంత్రముగా నుండు మార్గమును కనుగొనుట ఇంకను మిగిలియున్న పని.

ఒక దేశపు హెచ్చరిక

నిధుల విషయమున ఉపేక్ష ఏమి చేయునో అమెరికా చూపుచున్నది. ప్రజా ప్రసారమునకు అంతకుముందే కేటాయించిన సుమారు 110 కోట్ల డాలర్లను ఆ దేశపు కాంగ్రెసు 2025 జూలైలో వెనుకకు తీసికొనెను. ఆ నిధులను పంచుచుండిన కార్పొరేషను, తన కార్యకలాపములను ముగించుచున్నట్లు మరుసటి నెలలోనే ప్రకటించెను. ఆ ప్రసారములు ఒక పక్షమువైపు మొగ్గుచున్నవని నిధుల నుపసంహరించినవారు వాదించిరి. కారణమేదైనను, దెబ్బ ఎచ్చట గట్టిగా తగులునో గమనింపవలెను. పెద్ద నగరములలోని కేంద్రములకు విరాళములిచ్చు సంపన్నులు కలరు. జనము పలుచగా నున్న పల్లె ప్రాంతపు చిన్న కేంద్రములకే ఆ సర్కారు సొమ్ము ముఖ్యమైన ఆధారము. 58 సంవత్సరములలో పెంచిన చెట్టును కొట్టుటకు ఒక్క వేసవి చాలినది. నీడ పోగొట్టుకొన్నవాడు మాత్రము పల్లెవాడు.

గ్రామస్థులు చేయదగినది

ప్రజా ప్రసారము విలువ దాని నడుపువారి చేతులలోనే లేదు. చూచువారి చేతులలోను కలదు. పూనా గోష్ఠుల పాఠమును మన గ్రామములలో నేడును ఆచరింపవచ్చును. వారమునకు ఒకనాడు రైతుల కార్యక్రమమును పదిమంది కూడి చూచి, మన నేలకు ఏది సరిపడునో, ఏది సరిపడదో చర్చించుకొన్నచో, ఇంటిలో ఒంటరిగా చూచిన దానికంటె పదింతలు ప్రయోజనము కలుగును. మహిళా సంఘములు ఆరోగ్య కార్యక్రమములను ఇట్లే వినియోగించుకొనవచ్చును. పిల్లలతో కూర్చుండి చూచునప్పుడు, ఇది పాఠము, ఇది కథ, ఇది సరుకు అమ్ముకొను ప్రకటన యని వారికి వివరించుట తల్లిదండ్రుల విధి.

బాగుగా నున్న కార్యక్రమమును బాగున్నదని, పేలవముగా నున్నదానిని పేలవమని దూరదర్శన్ కేంద్రమునకు తెలియజేయుడు. మన జిల్లా పంటను గూర్చి, మన తండాలోని మాటను గూర్చి, మన ఊరి కళాకారుని గూర్చి ఏమియు రానిచో అడుగుడు. వార్తలలో ఒక పక్షమే వినబడినచో అదియు ప్రశ్నింపుడు. అడుగనిదే అమ్మయైనను పెట్టదు. వర్తకుని చానలు మన మాట విననిచో చానలు మార్చుట తప్ప మనము చేయగలది లేదు. ప్రజల చానలు వినని యెడల, ఇది మా సొమ్ముతో నడచుచున్నది, చట్టము మీకీ విధిని నిర్ణయించినది, ఏల చేయరని అడుగు హక్కు మనకు గలదు. రెండింటికిని గల ముఖ్య భేదము ఇదియే.

చెరువు మనదైనంత మాత్రమున నీరు నిలువదు. ఏటేట పూడిక తీయవలెను, కట్ట చూచుకొనవలెను, తూము కాడ కావలి యుండవలెను. ఆ పని ఊరంతయు పూనుకొన్న నాడు చివరి మడికి గూడ నీరు చేరును.